శ్రీలంక దక్షిణ తీరం సొంతంగా తిరగబోతున్నారా? ముందు సముద్రం, రోడ్డు సంగతి చూసుకోండి

ప్యాకేజీ లేకుండా, గైడ్ లేకుండా శ్రీలంక దక్షిణ తీరం చూసొద్దామనుకునేవాళ్లు మొదట అడిగేది "అక్కడ సేఫేనా?" అని. దొంగతనాలు, మోసాలు, రాత్రిపూట తిరగొచ్చా లేదా, అందరి టెన్షన్ వీటి గురించే. కానీ హిక్కడువ నుంచి గాలె, ఉనవటున, వెలిగమ, మిరిస్స, మాతర, టంగల్ల మీదుగా తిస్సమహారామ దాకా ఆ తీరంలో మనుషుల వల్ల వచ్చే ప్రమాదం తక్కువే. ప్రాణం మీదికి తెచ్చేవి రెండే రెండు, ఒకటి సముద్రం, రెండోది రోడ్డు. ఈ రెండూ మనకు బాగా తెలిసినవే అనిపిస్తాయి కాబట్టి ఎవరూ వీటి గురించి ముందుగా చదవరు, అడగరు. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం వాటికే ఇస్తున్నాను, మిగతావి తొందరగా చెప్పేస్తాను.

అన్నిటికంటే ముందు, ఏ నెలలో వెళ్తున్నారో చూసుకోండి. ఈ తీరానికి మంచి కాలం డిసెంబర్ నుంచి ఏప్రిల్ మొదటి సగం వరకు. మే నెలలో నైరుతి రుతుపవనాలు వచ్చి నేరుగా తగిలేది దేశంలోని పడమర, దక్షిణ తీరాలకే, ఆ ప్రభావం సెప్టెంబర్ దాకా ఉంటుంది. మనవాళ్లకు సెలవులు దొరికేది సరిగ్గా ఏప్రిల్ చివర, మే నెలల్లో, అప్పుడు అక్కడ హోటల్ రేట్లు కూడా తగ్గుతాయి, దాంతో చవగ్గా వస్తోంది కదా అని బుక్ చేసేస్తారు. రేట్లు తగ్గింది సముద్రం మారిపోయినందుకే అన్న సంగతి అక్కడికి వెళ్లాక గానీ తెలియదు. 2017 మే చివర్లో రుతుపవనాల మొదటి వానలకే గాలె, మాతర, కలుతర, రత్నపుర జిల్లాల్లో వరదలు, కొండచరియలు విరిగిపడి రెండొందల మందికి పైగా చనిపోయారు. మే నుంచి సెప్టెంబర్ మధ్యలోనే వెళ్లక తప్పదంటే కోటలు, గుళ్లు, రైలు ప్రయాణం, తిండి, వీటి కోసం వెళ్లండి. ఈతే కావాలనుకుంటే ఆ నెలల్లో ట్రింకోమలీ లాంటి తూర్పు తీరం నయం. అక్టోబర్, నవంబర్‌లలో మధ్యాహ్నం దాటాక ఉరుములతో వానలు మామూలే, ఉదయం ఎండ చూసి రోజంతా ఇలాగే ఉంటుందనుకోవద్దు.

ఇక సముద్రం. మాతర పక్కనున్న దేవుందర, అంటే డోండ్రా హెడ్, శ్రీలంకకు దక్షిణపు కొస. అక్కడి లైట్‌హౌస్ దగ్గర నిలబడి దక్షిణంగా చూస్తే అంటార్కిటికా దాకా మధ్యలో నేల అనేదే లేదు. ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల తుఫాను లేపిన అలలు అడ్డూ అదుపూ లేకుండా ఈ ఒడ్డుకు చేరతాయి. అందుకే గాలి లేకపోయినా, ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా ఇక్కడ పెద్ద అలలు రావచ్చు. పైగా అవి గుంపుగా వస్తాయి. పది నిమిషాలు బుద్ధిగా ఉన్న నీళ్లలో ఉన్నట్టుండి మూడు నాలుగు పెద్ద అలలు వరసగా లేచి, మోకాలి లోతులో నిలబడి ఫొటో తీయించుకుంటున్న మనిషిని పడేసి, లేచేలోపు ఇంకోటి మీద పడుతుంది. కాబట్టి కొత్త బీచ్‌కి వెళ్తే వెంటనే దిగొద్దు. ఓ పావుగంట ఒడ్డున కూర్చుని నీళ్లు చూడండి, అక్కడివాళ్లు ఎక్కడ దిగుతున్నారో, ఎక్కడ దిగట్లేదో చూడండి.

ఆ పావుగంటలో వెతకాల్సింది ఒకటుంది. అలలు విరిగే చోట తెల్లటి నురగ వరసగా కనిపిస్తుంది కదా, ఆ వరసలో ఒకచోట ఖాళీ ఉంటుంది. అక్కడ అల విరగదు, నీళ్లు కాస్త ముదురు రంగులో, ఒక్కోసారి ఇసుక కలిసి మురికిగా, పైన చిన్నచిన్న ముడతలతో ప్రశాంతంగా కనిపిస్తాయి. ఈత రానివాళ్లు, పిల్లలతో వచ్చినవాళ్లు సరిగ్గా అక్కడికే వెళ్తారు, అలలు లేవు కదా అని. ఒడ్డుకు కొట్టిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదే, రిప్ కరెంట్ అంటారు. అది కిందికి ముంచదు, లోపలికి లాక్కుపోతుంది. మనుషులు మునిగేది దానికి ఎదురీది అలిసిపోయినందువల్ల. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకండి. వెల్లకిలా తేలుతూ నెమ్మదిగా ఊపిరి తీసుకోండి, చెయ్యెత్తి ఊపండి, లాగుడు తగ్గాక ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటు నుంచి బయటికి రండి. ఒడ్డున ఉన్నవాళ్లు కాపాడదామని వెంటనే దూకొద్దు. తేలే వస్తువు ఏది దొరికినా, సర్ఫ్ బోర్డో, ఖాళీ నీళ్ల క్యానో విసరండి, లైఫ్‌గార్డ్‌ని పిలవండి. ఒకరికోసం దూకి ఇద్దరు ముగ్గురు పోవడం ప్రతి తీరంలోనూ జరిగేదే.

ఇంకో మాట, మనకు మాత్రమే చెప్పాల్సిన మాట. మనవాళ్లు జీన్స్, చుడీదార్, చీర, లుంగీ, ఏది ఉంటే దానితోనే సముద్రంలోకి దిగుతారు. తడిసిన చున్నీ చేతులకు చుట్టుకుంటుంది, తడిసిన జీన్స్‌తో కాళ్లు ఆడవు. ఒంటినిండా బట్టలు కావాలంటే లెగ్గింగ్స్, పొడుగు చేతుల స్విమ్ టాప్ దొరుకుతాయి, కొనుక్కెళ్లండి. ఎండకు కూడా అవే రక్ష. భూమధ్యరేఖకు ఆరు డిగ్రీల దూరంలో ఉన్న తీరం అది, నీటి అడుగు చూడ్డానికి స్నార్కెలింగ్ చేస్తూ బోర్లా తేలిన గంటలో వీపు కాలిపోతుంది.

బీచ్‌లన్నీ ఒకటి కాదు. పగడపు దిబ్బలు అడ్డం ఉన్న ఉనవటున, మాతర దగ్గరి పొల్హేన కాస్త నెమ్మది. వెలిగమ అడుగున ఇసుక ఉన్న వెడల్పాటి అఖాతం, సర్ఫింగ్ నేర్చుకునేవాళ్లు అక్కడే మొదలుపెడతారు. టంగల్ల వైపు మెడకెటియ లాంటిచోట్ల ఒడ్డు దగ్గరే లోతు, అల నేరుగా ఒడ్డు మీద విరుగుతుంది. అక్కడ నడవడానికే వెళ్లండి. పగడపు దిబ్బలున్న చోట సీ అర్చిన్లు, అంటే ఒళ్లంతా ముళ్లుండే చిన్న సముద్రజీవులు ఉంటాయి, కాళ్లకు రబ్బరు బూట్లు లేకుండా దిగితే ముళ్లు పాదాల్లో విరిగిపోతాయి. పగడం గీసుకున్న గాయం చిన్నదే కదా అని వదిలేస్తే ఆ తేమలో చీము పడుతుంది, మంచినీళ్లతో బాగా కడిగి మందు రాయండి. మిరిస్సలో ప్యారట్ రాక్ అనే గుట్టకు నీళ్లలో నడిచి వెళ్తారు, వెళ్లేటప్పుడు మోకాలి లోతున్నది తిరిగొచ్చేటప్పుడు అలలు పెరిగి నడుము దాటొచ్చు. మాతరలో సముద్రంలో కలిసే నిల్వల నదిలో మొసళ్లున్నాయి, మనుషుల మీద దాడులు చేసినవే. నది ముఖద్వారాల దగ్గర, మడుగుల దగ్గర కాళ్లు కడుక్కోవడానికి కూడా దిగొద్దు. గాలె కోట గోడల మీద చాలాచోట్ల రెయిలింగ్ లేదు, సూర్యాస్తమయానికి అక్కడ జనం కిక్కిరిసి ఉంటారు, వెనక్కి అడుగులేస్తూ సెల్ఫీలు వద్దు.

తిమింగలాలు చూడ్డానికి మిరిస్స నుంచి తెల్లవారుతూనే పడవలు బయల్దేరతాయి. కాలం నవంబర్ నుంచి ఏప్రిల్. అక్కడ ఒడ్డుకు దగ్గర్లోనే సముద్రం ఒక్కసారిగా లోతైపోతుంది, నీలి తిమింగలాలు అంత చేరువగా కనిపించేది అందుకే, కడుపులో తిప్పే పెద్ద అలలు తొందరగా మొదలయ్యేదీ అందుకే. వాంతుల మాత్ర పడవ ఎక్కడానికి ముందే వేసుకోవాలి, కదిలాక వేసుకుంటే నిలవదు. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ, అది కట్టుకోమని అడగని పడవ ఎక్కొద్దు. తిమింగలాన్ని తరిమే పడవ కంటే దూరంగా ఆగి చూపించేదాన్ని ఎంచుకోండి, ఓ వెయ్యి రూపాయలు ఎక్కువైనా సరే. మనం డబ్బు కట్టి ఒక ప్రాణిని బెదరగొట్టడం నాకు చాలా బాధగా ఉంటుంది.

సునామీ గురించి భయపెట్టను, కానీ తెలుసుకుని వెళ్లండి. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర భూకంపం వచ్చిన రెండు గంటలకు ఈ తీరాన్ని సముద్రం ముంచేసింది. హిక్కడువ దగ్గర పెరలియలో ఒక రైలు మొత్తం కొట్టుకుపోయి వెయ్యి మందికి పైగా పోయారు, అక్కడ స్మారకం ఉంది, తప్పకుండా ఆగి చూడండి. ఆ రోజు చాలాచోట్ల నీళ్లు ముందు బాగా వెనక్కి పోయాయి, బయటపడ్డ సముద్రపు నేల చూడ్డానికి జనం లోపలికి నడిచారు. సముద్రం ఎప్పుడూ లేనంతగా వెనక్కి పోతే కారణం అడగకుండా, సామాన్లు చూడకుండా ఎత్తైన చోటికి పరుగెత్తాలి. రూమ్‌లో దిగిన రోజే దగ్గర్లో ఎత్తైన చోటికి దారి ఎటో అడిగి పెట్టుకోండి.

రోడ్డు సంగతికొస్తే, కొలంబో నుంచి గాలె, మాతర, హంబన్‌తోట దాకా తీరం వెంట పోయే ఏ2 రోడ్డు మీదే ఈ బీచ్ ఊళ్లన్నీ ఉన్నాయి. రూమ్‌కీ హోటల్‌కీ మధ్య ఆ హైవే. చాలాచోట్ల ఫుట్‌పాత్ లేదు. ప్రైవేటు బస్సులు ఒకదాన్నొకటి దాటుకుంటూ, ఎదురుగా ఆటో వస్తున్నా హారన్ కొడుతూ దూసుకొస్తాయి, తప్పుకోవాల్సింది మనమే. రాత్రి భోంచేసి నడిచి వస్తుంటే ఫోన్ టార్చ్ వేసుకోండి, లేత రంగు బట్టలు వేసుకోండి. బస్సు దిగేటప్పుడు పూర్తిగా ఆగేదాకా మెట్టు మీదికి రావద్దు, బ్యాగు వీపున ఉంటే తూలిపడతారు. తొందరగా, భద్రంగా చేరాలంటే కొలంబో శివార్లలోని మకుంబుర నుంచి సదరన్ ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్లే ఏసీ బస్సులున్నాయి.

స్కూటీ అద్దెకు తీసుకునేవాళ్లకు గట్టిగా చెప్తున్నాను, అక్కడా ఎడమ పక్కనే నడపాలి కాబట్టి మనకు అలవాటే అనిపిస్తుంది, కానీ మన లైసెన్స్ ఒక్కటే అక్కడ చెల్లదు. ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుని, దానికి శ్రీలంకలో గుర్తింపు కూడా చేయించుకోవాలి. అద్దెకిచ్చేవాడు అదేం అక్కర్లేదంటాడు. పోలీసులు ఆపితే ఫైన్‌తో పోవచ్చు, యాక్సిడెంట్ అయితే మాత్రం ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్లు పైసా ఇవ్వరు. హెల్మెట్ ఇద్దరికీ తప్పనిసరి. బండి తీసుకునే ముందు ఉన్న గీతలన్నీ వీడియో తీయండి, పాస్‌పోర్ట్ తాకట్టు పెట్టమంటే వేరే షాపు చూసుకోండి.

రైలు అందంగా ఉంటుంది, కొలంబో నుంచి వచ్చేటప్పుడు సముద్రం కుడి పక్కన. తలుపులో వేలాడుతూ ఫొటోలు దిగడం అక్కడ ఫ్యాషన్ అయిపోయింది. పట్టాల పక్కనే స్తంభాలు, వంతెన కమ్మీలు, చెట్ల కొమ్మలు ఉన్నాయి, కెమెరా వైపు చూసేవాడికి అవి కనబడవు. కిటికీ చాలు.

తిస్స, కతరగమ, హంబన్‌తోట వైపు వెళ్తే చీకటి పడ్డాక బండి ప్రయాణం పెట్టుకోవద్దు. అడవి ఏనుగులు రోడ్డెక్కుతాయి. కతరగమ నుంచి బుత్తల వెళ్లే దారిలో తిండి కోసం వాహనాలు ఆపే ఏనుగులున్నాయి. జనం అరటిపళ్లు పెట్టిపెట్టి చేసిన అలవాటు అది. ఏమీ పెట్టకండి, దిగకండి, హారన్ కొట్టకండి, దూరంగా ఆగి వెనక్కి వెళ్లే చోటు ఉంచుకోండి.

డబ్బు విషయంలో, మన రూపాయికి అక్కడ మూడు రూపాయల పైన వస్తాయి కాబట్టి అంకెలు పెద్దవిగా కనిపిస్తాయి, 500 నోటు అనుకుని 5000 ఇచ్చేయొద్దు. ఆటోకి పిక్‌మీ అనే అక్కడి ట్యాక్సీ యాప్‌లో రేటు చూసి, అదే పట్టుకుని బేరమాడండి. కోగ్గల, అహంగమ దగ్గర నీళ్లలో కర్రల మీద కూర్చున్న జాలర్లను ఫొటో తీస్తే డబ్బు అడుగుతారు, ముందే మాట్లాడుకోండి. మీ హోటల్ మూసేశారు, ఈ రోజే రత్నాల సేల్, అంటూ దారిలో కలిసినవాళ్లతో వెళ్లొద్దు. వీసాకి ప్రభుత్వ ఈటీఏ (ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి) వెబ్‌సైట్‌లోనే అప్లై చేయండి, దానిలాగే కనిపించే ఏజెంట్ సైట్లు చాలా ఉన్నాయి. ఫీజులు, నియమాలు ఈమధ్య తరచూ మారాయి, టికెట్ కొనే ముందే చూసుకోండి.

బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగడం అక్కడ పెద్ద తప్పు. బుద్ధుడి పచ్చబొట్టు ఉన్న విదేశీయులను వెనక్కి పంపిన సందర్భాలున్నాయి. గుళ్లలో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. గవ్వలు, పగడం ముక్కలు బ్యాగులో వేసుకోవద్దు, చట్టం ఒప్పుకోదు. పౌర్ణమి రోజు పోయ సెలవు, మద్యం అమ్మరు, బస్సులు, రైళ్లు కిటకిటలాడతాయి. ఏప్రిల్ 13, 14 తేదీల్లో సింహళ, తమిళ కొత్త సంవత్సరం, చిన్న ఊళ్లలో తిండి దొరకడమే కష్టం.

ఒంటరిగా వెళ్లే అమ్మాయిలకు, పగలు ఇబ్బంది తక్కువ. రద్దీ బస్సుల్లో చేతులు తగలడం, ఖాళీ బీచ్‌లో వెంట నడవడం లాంటివి మాత్రం ఉన్నాయి. గట్టిగా అరిస్తే బస్సులో వాళ్లు సాయానికి వస్తారు, మొహమాటపడొద్దు. చీకటి పడ్డాక బీచ్ వెంట కాకుండా ఆటోలో వెళ్లండి. కుక్క కరిచినా గీరినా సబ్బుతో పావుగంట కడిగి అదే రోజు రేబిస్ ఇంజక్షన్ వేయించుకోవాలి. డెంగీ ఉంది, దోమల క్రీమ్ పగలు కూడా రాసుకోండి. జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, ఆస్పిరిన్ వేసుకోకుండా రక్తపరీక్ష చేయించుకోండి. గాలెలో కరాపిటియ పెద్దాసుపత్రి ఉంది.

అంబులెన్స్ 1990, డబ్బు తీసుకోరు. పోలీసు 119, టూరిస్టుల హెల్ప్‌లైన్ 1912, వరదలు, విపత్తులకు 117. ఫోన్‌లో సేవ్ చేసుకోండి, ఒక కాగితం మీద కూడా రాసి పర్సులో పెట్టుకోండి, సముద్రం దగ్గర ముందు తడిసి ఆగిపోయేది ఫోనే.