ఫొటో, అక్షరం ఒకే పేజీలో ఉన్నప్పుడు ప్రింట్ ఎందుకు చెడుతుంది?

చెన్నైలో తెలుగు శుభలేఖ వేయించాలంటే చాలామంది పారిస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధికి వెళ్తారు. పని బాగానే చేస్తారు. అయితే ప్రెస్‌లో ఆపరేటర్‌కు తెలుగు చదవడం రాకపోతే, ఒత్తు విరిగినా అది తప్పని తెలియదు. అందుకే ఫైలు మన చేయి దాటకముందే తప్పు పట్టుకోవాలి.

ఫొటో, రంగులద్దిన వినాయకుడి బొమ్మ పిక్సెళ్లతో తయారైనవి, అంటే రాస్టర్. అక్షరాలు, లోగో, అంచు డిజైన్ గీతలతో తయారైనవి, అంటే వెక్టర్. పీడీఎఫ్‌ను 800 శాతం జూమ్ చేయండి. అంచు నున్నగా ఉంటే వెక్టర్, గళ్లు కనబడితే రాస్టర్. సమస్య ఏదైనా ముందు ఈ పరీక్ష చేయండి.

అక్షరాలు మసకగా ఉన్నాయి, చుట్టూ రంగు నీడ ఉంది

కార్డు మొత్తం ఫొటోషాప్‌లో చేసి జేపెగ్‌గా ఇచ్చినప్పుడు ఎక్కువగా ఇలా అవుతుంది. ఆఫ్‌సెట్ ప్లేటు (కాగితం మీదికి సిరా దింపే రేకు) తీసే యంత్రాలు సాధారణంగా 2400 డీపీఐ, అంటే అంగుళానికి 2400 చుక్కల దగ్గర పనిచేస్తాయి. వెక్టర్ అక్షరానికి ఆ పదునంతా దక్కుతుంది. బొమ్మగా మారిన అక్షరానికి దానిలో అంగుళానికి ఉన్న 300 పిక్సెళ్లే గతి. పైగా ఆర్‌జీబీ (స్క్రీన్ రంగుల పద్ధతి) నలుపు సీఎంవైకే (ప్రింట్‌లో వాడే నాలుగు సిరాల పద్ధతి)లోకి మారితే నాలుగు సిరాలుగా విడిపోతుంది. సిరాకొకటిగా ఉండే నాలుగు ప్లేట్లలో ఏదైనా వెంట్రుకవాసి పక్కకు జరిగినా చాలు, సన్నని తలకట్లు, గుడులు అలికినట్టు అవుతాయి.

ఫొటోషాప్‌లో నేపథ్యం మాత్రమే చేయండి. దాన్ని కోరెల్‌డ్రాలోనో ఇన్‌డిజైన్‌లోనో పెట్టి, అక్షరాలు అక్కడే 100 శాతం బ్లాక్‌తో టైప్ చేయండి. అక్రోబాట్ ప్రోలో అవుట్‌పుట్ ప్రివ్యూ తెరిచి బ్లాక్ ప్లేటు ఆపేస్తే అక్షరాల్లోని సిరా పూర్తిగా మాయం కావాలి. అక్షరాలు ఇంకా రంగులో కనబడుతున్నాయంటే వాటిలో వేరే సిరా కలిసినట్టే.

ఒత్తుల దగ్గర తెల్ల చిల్లులు పడ్డాయి

నాకు అన్నిటికంటే బాధ కలిగించే తప్పు ఇదే, ఎందుకంటే ఇది పెళ్లివారి పేరులోనే పడుతుంది. ఫాంట్ లేని సిస్టంలో అక్షరాలు చెదిరిపోకుండా మనం వాటిని కర్వ్స్ చేసి, అంటే ఫాంట్ అవసరం లేని గీతల ఆకారాలుగా మార్చి పంపుతాం. అది సరైన పనే. కానీ కోరెల్‌లో ఆ తర్వాత అన్నిటినీ ఎంచుకుని కంబైన్ కొడితే, ఒకదానిపై ఒకటి పడిన భాగం ఖాళీ అయిపోతుంది. తెలుగులో ఒత్తు, గుడి, కొమ్ము అక్షరానికి తగులుతూనే ఉంటాయి కాబట్టి దెబ్బ మనకే ఎక్కువ.

అన్‌డూ చేసి వెనక్కి వెళ్లండి. కంబైన్‌కు బదులు, ఆకారాలను ఖాళీ పడకుండా అతికించే వెల్డ్ వాడండి. బ్రేక్ అపార్ట్‌తో సరిచేద్దామనుకోవద్దు, సున్నా లోపలి ఖాళీ కూడా పూడిపోతుంది. కర్వ్స్ చేయని ఫైలు ఒకటి విడిగా దాచుకోండి. పంపే ముందు తెలుగు చదివే మనిషి చేత ప్రతి పేరూ చదివించండి.

ఫొటో ఒక్కటే గళ్లుగా వచ్చింది

“సెల్‌లో బాగానే ఉంది కదన్నా” అంటారు ఫొటో ఇచ్చినవాళ్లు. 1200 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటో 4 అంగుళాల్లో 300 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) ఇస్తుంది, 8 అంగుళాలకు లాగితే 150కి పడిపోతుంది. ఫొటోషాప్‌లో అంకె పెంచితే కొత్త వివరం పుట్టదు. అసలు ఫొటో అడిగి తీసుకోండి, వాట్సాప్‌లో అయితే డాక్యుమెంట్‌గా పంపమనండి. దూరం నుంచి చూసే పెద్ద ఫ్లెక్స్‌కు ఇంత అక్కర్లేదు.

నీడలు మాత్రమే గళ్లుగా ఉంటే ఇలస్ట్రేటర్‌లో డాక్యుమెంట్ రాస్టర్ ఎఫెక్ట్స్ సెట్టింగ్ చూడండి. 72లో ఉంటే 300 చేయండి.

ఒకే వరుసలో కొన్ని అక్షరాలు లావుగా ఉన్నాయి

అక్షరాల మీద నీడో, పారదర్శకమైన బొమ్మో పడింది. పాత రకం పీడీఎఫ్‌గా సేవ్ చేసినప్పుడు ఆ భాగం చదునై (పొరలన్నీ ఒకటైపోయి), కింద ఉన్న అక్షరం పిక్సెళ్లుగానో కర్వ్స్‌గానో మారి లావుగా కనబడుతుంది. అక్షరాలను అన్నిటికంటే పై లేయర్‌లో పెట్టండి. ప్రెస్‌వాళ్లు ఒప్పుకుంటే పీడీఎఫ్/ఎక్స్-4 (ప్రింట్ కోసం ఉన్న కొత్త రకం పీడీఎఫ్) ఇవ్వండి, అందులో పారదర్శకత చదును కాకుండా అలాగే ఉంటుంది.

స్క్రీన్ మీద సన్నని తెల్ల గీతలు కనబడితే మాత్రం టెన్షన్ పడకండి. జూమ్ పెంచినా లావెక్కకపోతే అవి సాధారణంగా ప్రింట్‌లో రావు.

ఫొటో చుట్టూ చతురస్రం కనబడుతోంది

ఫొటో వెనక నలుపు నాలుగు సిరాల కలయిక, కార్డు నలుపు ఒక్క సిరా. రెండిటినీ పక్కపక్కన వేస్తే కార్డు నలుపు బూడిదరంగులా తేలిపోతుంది. ఫొటోను ముందే సీఎంవైకేలోకి మార్చి, దాని నలుపు అంకెలు చూసి, కార్డు నేపథ్యానికీ అవే ఇవ్వండి. లేదా ఫొటో నేపథ్యం తీసేసి పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైలు)గా పెట్టండి. చాలా స్క్రీన్ల మీద ఈ తేడా తెలియదు కాబట్టి, ముదురు రంగు కార్డుకు ప్రింట్ ప్రూఫ్ చూడకుండా ఓకే చెప్పవద్దు.