పెడల్ స్టీల్ గిటార్‌కి సరిపోయే స్టూలు

పెడల్ స్టీల్ గిటార్ అంటే స్టాండు మీద పడుకోబెట్టినట్టు ఉండే, కూర్చుని వాయించే గిటార్; పాదంతో పెడల్స్ నొక్కి, మోకాళ్లతో లీవర్లు నెట్టి స్వరం మారుస్తారు. దీన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వాయిస్తే కుర్చీ చేతులు మోచేతులకి అడ్డం, సీటు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి అరగంటకే నడుం పట్టేస్తుంది.

చేతులు, చక్రాలు లేని, గుండ్రంగా తిరగని చెక్క స్టూలు 17 అంగుళాల ఎత్తున చేయించండి. ముందు అంచు గుండ్రంగా చిత్రిక పట్టించాలి, లేకపోతే తొడ కింద ఒత్తి కాలు తిమ్మిరెక్కుతుంది. దానిపైన అంగుళం మందం కొబ్బరి పీచు పరుపు ముక్కలు ఒకటో రెండో వేసి ఎత్తు సరిచూసుకోండి. ఎడమ మడమ నేలకి ఆని, పాదం పెడల్స్ మీద, కుడి పాదం వాల్యూమ్ పెడల్ మీద ఉన్నప్పుడు తొడలు నేలకి సమంగా ఉండాలి. స్పాంజి మాత్రం వద్దు. వాయిస్తుండగానే కుంగిపోయి మోకాలికి లీవర్ అందే చోటు మారిపోతుంది. మన కోనసీమలో పీచుకి కొదవేముంది!

పైన రెగ్జిన్ కాకుండా నూలు గుడ్డ కుట్టించండి. ఇక్కడి ఉక్కపోతకి రెగ్జిన్ తొడలకి అంటుకుని మోకాలు పక్కకి కదలదు. టైల్స్ మీద స్టూలు వెనక్కి జారకుండా కాళ్లకి రబ్బరు బుష్‌లు తప్పనిసరి.

ఎడమ మోకాలికి పైన నిలువు లీవర్ (మోకాలు పైకెత్తి నెట్టేది) ఉన్న గిటార్ అయితే జాగ్రత్త. ఎత్తు ఎక్కువైతే తొడ దానికి తగిలి, తెలీకుండానే స్వరం మారిపోతుంది. అప్పుడు ఒక పీచు ముక్క తీసేయండి.