ఆటిజం ఉన్న పిల్లలకు సదరం ధ్రువపత్రం: దరఖాస్తు ఎలా చేయాలి?

ముందుగా ఒక మాట. బడిలో చేరడానికి సదరం, అంటే వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ వైద్యులు చూసి ఇచ్చే పత్రం, అక్కర్లేదు. "సర్టిఫికెట్ తెచ్చాక చూద్దాం" అని ఎవరైనా అంటే ఆగిపోకండి. ప్రభుత్వ నిధులతో నడిచే బడైనా, గుర్తింపు పొందిన ప్రైవేటు బడైనా వివక్ష లేకుండా చేర్చుకోవాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. ఆ చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ధ్రువపత్రం అవసరపడేది పింఛనుకు, పరీక్షల్లో అదనపు సమయానికి, ఆదాయపు పన్ను మినహాయింపుకు. వీటిలో చాలావాటికి వైకల్యం 40 శాతమైనా ఉండాలి.

దరఖాస్తు మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో మొదలవుతుంది, మీసేవలో కూడా చేయొచ్చు. బిడ్డ ఆధార్, ఈమధ్యే తీసిన ఫొటో, ఇదివరకు చూపించిన డాక్టర్ల చీటీలు, ఒక ఫోన్ నంబరు తీసుకెళ్ళాలి. చాలామంది చిక్కుకునేది ఈ ఫోన్ దగ్గరే. కోనసీమలో తల్లో తండ్రో కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉండి, పిల్లాడు అమ్మమ్మ దగ్గర పెరిగే ఇళ్ళు ఎన్నో. ఆధార్‌కు ఉన్న నంబరు అక్కడి వాళ్ళ చేతిలో ఉంటే ఓటీపీ ఇక్కడికి రాదు. కాబట్టి ముందే ఇక్కడి నంబరు ఎక్కించండి. ఐదేళ్ళు దాటిన పిల్లలకు ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప వివరాలు కూడా నమోదు చేయించాలి. ముట్టుకుంటే ఉలిక్కిపడే బిడ్డకు అదే పెద్ద పరీక్ష, అందుకని సదరం పనితో అదే రోజు పెట్టుకోవద్దు.

స్లాట్లు, అంటే డాక్టర్లకు చూపించుకునే తేదీలు, విడతలవారీగా వదులుతారు, తొందరగా నిండిపోతాయి. తేదీ తీసుకునేటప్పుడే ఒక ప్రశ్న అడగండి: "ఆ రోజు మానసిక వైద్యుల బోర్డు ఉంటుందా?" చెవి, కన్ను, ఎముకల డాక్టర్లు కూర్చున్న చోటికి వెళ్తే పని అవదు. ఇంకో సంగతి, సఖినేటిపల్లి వాళ్ళకు పంటు ఎక్కి గోదావరి దాటితే నరసాపురం దగ్గరే గానీ, అది వేరే జిల్లా. సాధారణంగా సొంత జిల్లాలోనే చూపించుకోవాలి. బిడ్డకు ఇప్పటికే ఏదైనా ప్రభుత్వాసుపత్రిలో వైద్యం జరుగుతుంటే అక్కడైనా అడగొచ్చు.

ఇక అసలు సంగతికి వద్దాం. బోర్డు దగ్గర రక్తపరీక్షలూ స్కానింగులూ ఉండవు. ఆటిజాన్ని అంచనా వేసే ఇసా (ISAA) అనే భారతీయ కొలమానంలో 40 అంశాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 70కి తగ్గితే ఆటిజం కిందికి తీసుకోరు. ఆ మార్కుల్లో ఎక్కువ భాగం మీ నోటి నుంచే రావాలి. మనవాళ్ళేమో "బాగానే ఉంటాడండీ, కొంచెం మొండి" అంటారు. నలుగురిలో బిడ్డను తక్కువ చేసి చెప్పడానికి మనసొప్పదు. పైగా ఇంటి దగ్గర "డాక్టరుగారు పేరడిగితే చెప్పు నాన్నా" అని వారం రోజులు బట్టీ పట్టిస్తారు. ఆ పేరు ఒక్కటీ గడగడా చెప్పి, మిగతా ఇబ్బందులన్నీ కనబడకుండా పోయిన పిల్లలు ఉన్నారు.

అందుకే ఒక కాగితం మీద రాసుకెళ్ళండి. పిలిస్తే ఎన్నిసార్లకు తిరిగి చూస్తాడు? తీర్థంలో డప్పులు మోగితే ఏం చేస్తుంది? రోజూ వెళ్ళే దారి మారితే ఎంతసేపు ఏడుస్తుంది? స్నానం, దొడ్డికి వెళ్ళడం సొంతంగా చేసుకోగలరా? అన్నిటికన్నా ముందు రాయాల్సింది కాలువ సంగతి. ఆటిజం ఉన్న పిల్లలు చాలామందికి నీళ్ళంటే ఇష్టం, ప్రమాదం తెలియదు. మన దగ్గర గుమ్మం దిగితే పంట కాలువే. తలుపుకు ఎత్తుమీద గడియ పెట్టించుకున్నారంటే, అది కూడా చెప్పాల్సిన విషయమే. ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో ఉంటే చూపించండి. ఆ రోజు ఆసుపత్రి గోలలో పిల్లాడు బిగుసుకుపోయి కూర్చుంటే, ఇంట్లో ఎలా ఉంటాడో దానివల్లే తెలుస్తుంది.

ఆసుపత్రిలో గంటలు పడుతుంది. బిడ్డకు అలవాటైన తిండి, పట్టుకు తిరిగే బొమ్మ దగ్గరుంచుకోండి. ఇద్దరు పెద్దవాళ్ళు వెళ్తే ఒకరు వరుసలో నిలబడొచ్చు, ఇంకొకరు బిడ్డను చెట్టు కింద ఆడించొచ్చు.

పత్రం వచ్చాక దానిమీద తాత్కాలికమా, శాశ్వతమా అని చూడండి. గడువు తేదీ ఉంటే నాలుగైదు నెలల ముందే మళ్ళీ స్లాటు కోసం తిరగడం మొదలుపెట్టండి. కేంద్రం ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు, యూడీఐడీ, కూడా తీసుకోవాలి, వివరాలు స్వావలంబన్ పోర్టల్‌లో కనబడతాయి. శాతం తక్కువ వేశారనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కు అదే చట్టం 59వ సెక్షన్‌లో ఉంది.

కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ ఆరోగ్య బీమాకు విడిగా దరఖాస్తు పెట్టాలి. ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యానికి, థెరపీకి వస్తుంది. చాలామంది పింఛను రాగానే దీన్ని మర్చిపోతారు.

చివరగా ఒక నకలు బడి హెడ్మాస్టరుగారికి, ఇంకొకటి మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలోని ప్రత్యేక ఉపాధ్యాయులకు ఇవ్వండి. దాంతోపాటు మీరు ఆసుపత్రికి రాసుకెళ్ళిన ఆ కాగితం కూడా ఇవ్వండి. గంట మోగినప్పుడు చెవులు మూసుకుంటాడని, గేటు తెరిచి ఉంటే కాలువ వైపు పరుగెడతాడని క్లాసు టీచరుకు తెలిసేది శాతంతో కాదు, ఆ కాగితంతో.