మీరు విదేశంలో, అద్దె ఇల్లు విజయనగరంలో: సమస్య - పరిష్కారం

డల్లాస్ వెళ్లిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగికైనా, సోంపేట నుంచి దోహా వెళ్లిన వెల్డర్‌కైనా ఇల్లు అద్దెకిస్తే వచ్చే చిక్కులు ఒకటే. తాళం బావమరిదికి అప్పజెబుతారు, అధికారం మాత్రం అప్పజెప్పరు.

గోడకు చెమ్మ పట్టిందని ఫొటో వచ్చింది

చెమ్మ ఎక్కడుందో ముందు అడగండి. శ్లాబు మూల నుంచి కిందికి దిగుతుంటే డాబా మీద నీరు నిలుస్తోంది. గోడ మధ్యలో మచ్చలా ఉండి, ఎండాకాలంలోనూ ఆరకపోతే లోపలి పైపు కారుతోంది. నేల నుంచి మోకాలి ఎత్తు దాకా పెచ్చులూడి తెల్లగా ఉప్పు పూస్తే భూమిలోని తేమ పైకెక్కుతోంది. దానికి డాబా మీద ఎన్ని పూతలు వేయించినా డబ్బు దండగే. మొదటిదైతే చాలాసార్లు వేపాకులో, కొబ్బరి పీచో తూముకు అడ్డం పడి ఉంటుంది. 2014లో హుద్‌హుద్ తుపాను అక్టోబరు 12న, 2018లో తిత్లీ తుపాను అక్టోబరు 11న తీరం దాటాయి. కాబట్టి దసరా తర్వాత వచ్చే సిరిమానోత్సవం దాకా ఆగకుండా వినాయక చవితికే తూములు తీయించండి. "తీయించేశాం" అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. వీడియో కాల్‌లో రెండు బకెట్ల నీళ్లు పోయించి, అవి దిగేదాకా చూడండి.

ఖాళీ చేయమంటే "ఇంటాయనే వచ్చి చెప్పాలి" అంటున్నారు

బావమరిది చేతిలో కాగితం లేదు, అదీ సంగతి. భారత ఎంబసీలో గానీ కాన్సులేట్‌లో గానీ ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ (మీ తరఫున వ్యవహరించే అధికార పత్రం) పంపండి. అది మన దేశానికి చేరిన 3 నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. అద్దె వసూలు, మరమ్మతులు, నోటీసు, దావా వరకే రాయండి. ఇల్లు అమ్మే అధికారం ఇందులో ఎందుకు? ఏడాది దాటిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టర్ చేయాలి, అందుకే అందరూ 11 నెలలకు రాసుకుంటారు. గడువు తీరాక నెలనెలా అద్దెతో కొనసాగుతుంటే 15 రోజుల నోటీసు ఇవ్వాలి. పన్నెండేళ్లుంటే ఇల్లు వాళ్లదైపోతుందన్న భయం మన వీధుల్లో బాగా ఉంది. అద్దె కడుతూ ఉన్నవారికి అలా హక్కు రాదు. అద్దె చేతికి కాకుండా బ్యాంకులో వేయించుకుంటే అదే సాక్ష్యం.

అద్దెదారుకు ఆదాయ పన్ను నోటీసు వచ్చింది

అద్దె నెలకు 50 వేలు దాటితేనే అందులోంచి పన్ను పట్టుకోవాలని ఆయన అనుకున్నారు. ఆ పరిమితి యజమాని ఇక్కడ నివసిస్తేనే. ప్రవాసికి చెల్లించే అద్దెకు కనీస పరిమితి లేదు: 30 శాతం, దానిపై 4 శాతం సెస్. 12,000 అద్దెలో 3,744 పోయి మీకు 8,256 వస్తుంది. అద్దెదారు టాన్ నంబరు (పన్ను కోసి జమ చేసేవారికి ఇచ్చే సంఖ్య) తీసుకుని ఆ మొత్తం జమ చేయాలి. ఇక్కడ మీకు వేరే ఆదాయం లేకపోతే, 1,44,000 వార్షిక అద్దెలో 30 శాతం మినహాయింపు పోగా మిగిలేది పన్ను పరిధిలోకే రాదు. రిటర్ను వేస్తే పట్టుకున్నదంతా వెనక్కి వస్తుంది. తక్కువ కోతకు ముందే ఆదాయ పన్ను శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకుంటే మరీ మంచిది. పాత సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా (ప్రవాసులకు ఇక్కడ వచ్చే ఆదాయం జమయ్యే ఖాతా) మార్పించుకోవడం మరవకండి.

కరెంటు బకాయి మీ నెత్తిన పడింది

కనెక్షన్ మీ పేరున ఉంది మరి. సర్వీసు నంబరుతో విద్యుత్ సంస్థ ఈపీడీసీఎల్ వెబ్‌సైట్‌లో ఎక్కడి నుంచైనా బిల్లు చూడవచ్చు. ఖాళీ చేసే రోజు మీటరు రీడింగు ఫొటో తెప్పించుకుని, ఆ బిల్లు కట్టాకే అడ్వాన్సు తిరిగి ఇవ్వండి.