ఈస్ట్ ఇన్ఫెక్షన్ తగ్గి మళ్ళీ వస్తోందా? ముందు షుగర్ మాత్రల అట్ట తిప్పి చూడండి

సమస్య: ఈస్ట్ అనే ఫంగస్ జననాంగాల్లో పెరిగితే ఆడవాళ్ళకు లోపలా బయటా తట్టుకోలేని దురద, మూత్రం తగిలితే మంట, విరిగిన పాలలా ముద్దముద్దగా తెల్లబట్ట. మగవాళ్ళకు ముందుతోలు కింద ఎర్రగా కందిపోయి, తెల్లటి పొర పేరుకుని, అంచున పగుళ్ళు. మెడికల్ షాపులో ఫంగస్ మాత్ర ఫ్లుకోనజోల్ 150 ఒకటి మింగుతారు, తగ్గుతుంది, నెల తిరక్కుండానే మళ్ళీ మొదలు.

అసలు ఈస్టేనా?

తెల్లబట్ట అంతా ఈస్ట్ కాదు. నీచు వాసనతో పలచగా బూడిదరంగులో అవుతుంటే బ్యాక్టీరియా పని. నురగతో పసుపుపచ్చగా ఉంటే శృంగారంతో అంటుకునే పరాన్నజీవి ట్రైకోమోనాస్‌ని అనుమానించాలి. ఈస్ట్‌కు పెద్దగా వాసన ఉండదు. యోని గోడకు పీహెచ్ కాగితం (ఆమ్లత్వం ఎంతో రంగుతో చూపేది) తాకిస్తే ఈస్ట్‌లో సాధారణంగా 4.5 దాటదు, మిగతా రెండింటిలో దాటుతుంది. నెలసరి రక్తం గానీ వీర్యం గానీ కలిస్తే ఈ లెక్క చెల్లదు.

తర్వాత స్లైడు, అంటే శాంపిల్‌ను మైక్రోస్కోపు కింద చూడడం. 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే చర్మకణాలు కరిగి, మొగ్గ తొడిగిన ఈస్ట్ కణాలు, వాటి దారాలు మిగులుతాయి. స్లైడులో కనబడనంత మాత్రాన ఈస్ట్ లేనట్టు కాదు, కల్చర్ (శాంపిల్‌లోని ఈస్ట్‌ను ల్యాబులో పెంచి చూసే పరీక్ష) పెట్టించాలి. రెండు మూడు రోజుల్లో రిపోర్టు వస్తుంది. కర్నూలు, అనంతపురం, కడప సర్వజన ఆసుపత్రులు మూడింటికీ మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ ల్యాబు ఉంది. ముందు రాత్రి క్రీమ్ పూసుకుని పొద్దున శాంపిల్ ఇస్తే మాత్రం ఏ ల్యాబూ ఏమీ చేయలేదు. ఇంత చిన్న విషయం ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు.

చాటుగా ఉండే కారణం

మళ్ళీ మళ్ళీ వస్తోందంటే అందరూ రక్తంలో షుగర్ చూపిస్తారు. చూపించాల్సిందే. చిక్కు ఎక్కడంటే, షుగర్ కంట్రోల్లో ఉన్నా, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) బాగున్నా దురద పోదు. అప్పుడు చూడాల్సింది మాత్రల అట్ట వెనక చిన్న అక్షరాలు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్, రెమోగ్లిఫ్లోజిన్: పేరు చివర 'గ్లిఫ్లోజిన్' ఉందా? ఈ మందులు రక్తంలోని చక్కెరను కిడ్నీల ద్వారా మూత్రంలోకి తోసేస్తాయి. రక్తంలో తగ్గిన చక్కెర మూత్రంతో పాటు చర్మం మడతల్లో తగులుతూనే ఉంటుంది. ఈస్ట్‌కు అదే మేత. మన ఎండలకు, చెమటకు చెప్పేదేముంది.

2020 అక్టోబరులో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు తీరాక చౌకైన కంపెనీ మాత్రలు బోలెడు వచ్చాయి. మెట్‌ఫార్మిన్‌తోనో, సిటాగ్లిప్టిన్‌తోనో కలిపి ఒకే మాత్రగా అమ్ముతారు కాబట్టి బ్రాండు పేరు చూస్తే తెలియదు. దురద ఎక్కువగా మందు మొదలుపెట్టిన కొద్ది నెలల్లోనే కనబడుతుంది. ఇంకో గుర్తు: రక్తంలో షుగర్ మామూలుగా ఉండి, మూత్ర పరీక్షలో షుగర్ మూడు ప్లస్‌లు. ఈ మాత్ర వేసుకునేవాళ్ళకు మూత్రంలో షుగర్ ఎప్పుడూ కనబడుతుంది. అది చూసి కంట్రోల్ తప్పిందని డోసు పెంచుకుంటే కథ మొదటికొస్తుంది.

పరిష్కారం

మాత్ర సొంతంగా ఆపొద్దు. గుండె బలహీనతకు, కిడ్నీ జబ్బుకు కూడా ఇదే మందు ఇస్తారు, మీకు ఎందుకిచ్చారో రాసిన డాక్టరుకే తెలుసు. ఇన్ఫెక్షన్‌కు ఫ్లుకోనజోల్ 150 ఒక్క డోసు, లేదా క్లోట్రిమజోల్ 100 యోని మాత్ర ఆరు రాత్రులు. మగవాళ్ళకు క్లోట్రిమజోల్ 1 శాతం క్రీమ్ రోజుకు రెండుసార్లు, రెండు వారాలు. దురద పోగానే మానేస్తే తిరగబెడుతుంది. మూత్రానికి వెళ్ళిన ప్రతిసారీ మామూలు నీళ్ళతో కడిగి, తడి లేకుండా తుడవాలి. మగవాళ్ళు తోలు వెనక్కి లాగి కడగాలి. డెటాల్ వద్దు, వేపాకు కషాయమూ వద్దు. అయినా తిరగబెడితే అట్ట పట్టుకెళ్ళి మందు మార్చమని డాక్టరును అడగండి.

గ్లిమెపిరైడ్ వాడేవాళ్ళు ఫ్లుకోనజోల్ మింగే ముందు ఆ సంగతి చెప్పాలి, షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. గర్భిణులకు ఫ్లుకోనజోల్ కాదు, ఏడు రాత్రులు క్లోట్రిమజోల్.

మిగతావి

క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ కలిసిన మూడు మందుల క్రీమ్ పూస్తుంటే ఈ రోజే ఆపి డాక్టరుకు చూపించండి, దురదను దాచి ఈస్ట్‌ను పెంచుతుంది. ఫ్లుకోనజోల్‌కు లొంగని గ్లాబ్రాటా రకం ఈస్ట్ షుగర్ ఉన్నవాళ్ళలో అరుదేం కాదు, కల్చర్‌లో తేలుతుంది. భార్యాభర్తల్లో లక్షణం లేనివాళ్ళకు మందు అక్కర్లేదు.

జ్వరంతో పాటు జననాంగానికీ మలద్వారానికీ మధ్య వాపు, తాకలేనంత నొప్పి ఉంటే అది ఈస్ట్ కాదు. ఆ రాత్రికే పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్ళాలి, మాత్రల అట్ట వెంట తీసుకెళ్ళండి.