క్యూబా పియానో, 5వ పాఠం: సరి, బేసి, పదిహేడో గడి

ఈసారి ఎడమచేతి పాఠం అని పోయినసారి మాటిచ్చాను. మాట తప్పుతున్నాను. నాలుగో పాఠంలోని మోంటూనో (పియానో మళ్ళీ మళ్ళీ తిప్పి వాయించే వరస) చూసి మీలో కొందరు పంపిన రికార్డింగులు విన్నాక, ఎడమచెయ్యిని ఇంకో నెల జేబులో పెట్టుకుంటేనే మంచిదనిపించింది.

స్వరాల్లో తప్పుల్లేవు. వేళ్ళూ బాగానే కదులుతున్నాయి. కానీ వెనక క్లావే (పాటంతా తిరిగే అయిదు దెబ్బల తాళపు వరస) ట్రాక్ పెట్టుకుని వాయించినవాళ్ళలో ఎక్కువమంది మూడో నాలుగో ఆవృత్తానికి దానికి అడ్డం తిరిగారు. ట్రాక్ లేకుండా వాయించినవాళ్ళకి అడ్డం తిరిగిన సంగతే తెలియలేదు. ఒక్కో రికార్డింగూ ఆపి ఆపి గళ్ళు, అంటే ఆవృత్తంలోని సమానమైన కాలపు ముక్కలు, లెక్కపెట్టాను. పదహారు ఉండాల్సిన చోట పదిహేడు వచ్చాయి. ఒకాయనకైతే ప్రతి ఆవృత్తమూ పదిహేడే, అదీ గడియారంలా తప్పకుండా. అంత నిలకడగా తప్పు చేయడం కూడా తేలిక కాదు.

ఇందులో నా వాటా ఉంది. మోంటూనో పడే తొమ్మిది గళ్ళ అంకెలు రాసి, వీటిమీద వాయించండి అని వదిలేశాను. తాళం తట్టే కాలు ఎక్కడ పడాలో రాయలేదు. అది అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను.

సరే, మళ్ళీ మొదటినుంచి. రెండు బార్లు, మొత్తం 16 గళ్ళు. 2-3 క్లావే (మొదటి బార్‌లో రెండు దెబ్బలు, రెండోదాంట్లో మూడు) పడే గళ్ళు: 3, 5, 9, 12, 15. మోంటూనో పడే గళ్ళు: 1, 3, 4, 6, 8, 10, 12, 14, 16. నేను రాయకుండా వదిలేసిన వరస ఇదీ: కాలు పడే గళ్ళు 1, 5, 9, 13. ఆవృత్తానికి నాలుగు అడుగులే. ఎనిమిది తట్టేవాళ్ళు మానుకోండి.

ఇప్పుడు మోంటూనో అంకెల్ని ఇంకోసారి చూడండి. 1, 3 మాత్రమే బేసి. తర్వాతవన్నీ సరి సంఖ్యలే: 4, 6, 8, 10, 12, 14, 16. కాలు పడేవేమో అన్నీ బేసి గళ్ళు. తొమ్మిది స్వరాల్లో కాలితో కలిసి పడేది మొదటి గడిలోని స్వరం ఒక్కటే. గొడవంతా ఇక్కడే పుడుతోంది.

ఏడు స్వరాలు వరసగా, సమానమైన ఎడంతో వస్తున్నాయి. సమానంగా వచ్చేదాన్ని చెవి వెంటనే తాళంగా తీసుకుంటుంది. స్టేషన్లో ఆగి ఉన్న రైల్లో కూర్చున్నప్పుడు పక్క పట్టాల మీది రైలు కదిలితే మన రైలే కదిలిందనిపిస్తుంది చూడండి, అలాగన్నమాట. 8వ గడి దాటేసరికి చెయ్యి చెప్పినట్టు కాలు వినడం మొదలుపెడుతుంది. 9లో పడాల్సిన అడుగు 10లో పడుతుంది, 13లోది 14లో పడుతుంది. అప్పటికి మీరు తప్పిపోయారు, కానీ మీకేమీ తేడా అనిపించదు. పైగా హాయిగా ఉంటుంది.

ఆ తర్వాత 16, 1 వస్తాయి. ఇవి పక్కపక్క గళ్ళు, మధ్యలో ఖాళీ లేదు. అప్పటిదాకా ఒక గడి విడిచి ఒక గడి వాయిస్తూ వచ్చిన చెయ్యికి ఈ రెండూ ఇలా అంటుకుని రావడం తడబాటులా అనిపిస్తుంది. నేనే తొందరపడ్డానేమో అనుకుని, 1వ స్వరాన్ని ఒక గడి ఆలస్యం చేస్తారు. పదిహేడో గడి పుట్టేది అక్కడే. సరిగ్గా వస్తున్నదాన్ని తప్పనుకుని దిద్దితే వచ్చే తప్పు ఇది. అందుకే ఎంత శ్రద్ధగా వాయించేవాళ్ళైతే అంత గట్టిగా ఇందులో ఇరుక్కుంటారు.

ఈ విషయంలో నాకు పుస్తకాల మీద కొంచెం కోపముంది. స్టాఫ్ నొటేషన్‌లో 8వ గడి స్వరాన్ని బార్ గీత దాటించి 9వ గడితో టై కడతారు, అంటే రెండిటినీ ఒకే స్వరంగా కలిపే గీత గీస్తారు. రాయడానికి అది సరైన పద్ధతే. కానీ చదివే కన్ను ఆ టై మీద ఆగుతుంది, కాలు కూడా దాంతోపాటే ఆగుతుంది. పైగా అమెరికా పుస్తకాలు దీన్ని రెండు బార్ల కట్ టైమ్‌లో (బార్‌కి రెండు అడుగుల లెక్క) రాస్తే, పాత క్యూబన్ కాగితాల్లో 2/4 బార్లలో సన్న స్వరాలుగా ఇరికించి కనిపిస్తుంది. రెండూ ఒకటే అని ఎవరూ చెప్పకపోతే, రెండు వేర్వేరు వరసలు నేర్చుకున్నామని మురిసిపోతాం. నేను అలా మూడు నెలలు మురిసిపోయాను.

మరి ఇంత చిక్కుగా ఎందుకు తయారు చేశారంటే, ఇది పియానో కోసం పుట్టిన వరస కాదు. తూర్పు క్యూబా పల్లెల్లో వాయించే ట్రెస్ అనే వాయిద్యానిది. గిటార్ లాంటిదే, కానీ తీగలు రెండేసి చొప్పున మూడు జతలు. ఆ జతల్ని మార్చి మార్చి మీటుతూ వాయించే వరసనే పియానో తన చేతుల్లోకి తీసుకుంది. 1940 ప్రాంతంలో హవానాలో ఆర్సేనియో రోడ్రిగెస్ అనే అంధ ట్రెస్ విద్వాంసుడు తన బృందంలోకి పియానో, కాంగా అనే డ్రమ్ము, అదనపు ట్రంపెట్లు చేర్చాడు. ఆ పియానో ముందు కూర్చున్నవాళ్ళలో రుబెన్ గొన్సాలెస్ ఒకడు, గ్వాంటానామో నుంచి వచ్చిన లిలీ మార్టినెస్ ఇంకొకడు. పక్కనే ట్రెస్ మోగుతుంటే దానితో కలిసి వాయించాలి. మీట్ల మధ్య ఖాళీలు వాళ్ళకి చెవికి అలవాటే, అంకెలు అక్కర్లేదు. మనకి అక్కరే, ఎందుకంటే మనం పుస్తకం ముందు కూర్చున్నాం.

పాటలో మిగతావాళ్ళు సాయం చేస్తారులే అని ధీమాగా ఉండకండి. బాస్ వైపు చూడండి. మామూలు తుంబావ్‌లో (బాస్ తిప్పి తిప్పి వాయించే వరస) బాస్ పడేది 4, 7, 12, 15 గళ్ళలో. ఒక్కటైనా కాలితో కలిసిందా? లేదు. క్లావే 5, 9లో కలుస్తుంది, అంతే. ఇక 13వ గడి సంగతి చూస్తే అక్కడ పియానో లేదు, బాస్ లేదు, క్లావే లేదు. ఆ అడుగును మోసేది నాట్యం చేసేవాళ్ళ కాళ్ళు, పాటలో మోంటూనో అనే పేరే ఉన్న చివరి భాగం రాగానే బొంగో వాద్యకారుడు డప్పులు పక్కన పెట్టి అందుకునే పెద్ద గంట. మీ గదిలో ఆ రెండూ లేవు కాబట్టి ఆ పని మీ కాలే చేయాలి.

మృదంగం నేర్చుకున్న ఇద్దరు ఒకే ప్రశ్న అడిగారు: సొల్లుకట్టుతో, అంటే నోటితో చెప్పే మృదంగం జతులతో, పట్టుకోవచ్చా అని. క్లావేకైతే భేషుగ్గా పనికొస్తుంది. 3-2 క్లావే (ముందు మూడు దెబ్బల బార్, తర్వాత రెండు దెబ్బలది) అంటే తకిట తకిట తకధిమి తక తకధిమి, అంతే. ప్రతి మాట మొదటి అక్షరం మీద ఒక దెబ్బ. 3, 3, 4, 2, 4, కలిపితే 16. కానీ మోంటూనోకి మాత్రం వాడొద్దు. సరి గళ్ళన్నిటినీ తక తక తక అని చెప్పుకుంటే నోరు వాటినే సమం చేసేస్తుంది. మళ్ళీ పదిహేడు.

నేను చేసే దొంగదారి చెబుతాను. వరసను 1 నుంచి మొదలుపెట్టను, 16 నుంచి 1కి మళ్ళే అతుకు దగ్గర మొదలుపెడతాను. 13: కాలు ఒక్కటే. 14: చెయ్యి. 15: ఏమీ లేదు. 16: చెయ్యి. 1: కాలూ చెయ్యీ కలిసి. 2: ఖాళీ. 3: చెయ్యి. 4: చెయ్యి. 5: కాలు ఒక్కటే. ఇక్కడ ఆగిపోండి. ఊపిరి పీల్చుకుని మళ్ళీ 13 నుంచి. ఈ తొమ్మిది గళ్ళు ఒంటబడితే మిగతా ఏడూ వాటంతటవే వస్తాయి. కీబోర్డు అక్కర్లేదు, బల్ల చాలు. డెబ్భై దాటాక 1996లో హవానా స్టూడియోలో రికార్డు చేసేనాటికి రుబెన్ గొన్సాలెస్ ఇంట్లో పియానోయే లేదు. కాబట్టి కీబోర్డు ఇంకా కొనలేదండీ అనే సాకు నా దగ్గర చెల్లదు.

స్వరాలు పోయినసారివే, వేళ్ళూ అవే. కుడిచెయ్యి ఒకటే. బయటి వేళ్ళు రెండు జి స్వరాల మీద, అష్టకం ఎడంగా. లోపలి వేళ్ళు సి, ఇ మీద. 1, 4, 8, 12, 16 గళ్ళలో బయటి వేళ్ళు. 3, 6, 10, 14లో లోపలి వేళ్ళు. 10, 14 వచ్చేసరికి లోపలి వేళ్ళు చెరో అరమెట్టు కదిలి బి, ఎఫ్ మీదికి వెళ్తాయి, 3కి తిరిగొస్తాయి. సి కార్డు నుంచి జి సెవెన్‌కి ఇంతకన్నా తక్కువ ఖర్చుతో వెళ్ళే దారి నాకు తెలియదు. 16, 1 రెండూ బయటి జంటే కనుక అతుకు దగ్గర వేళ్ళు మారవు, అదే జంటను రెండుసార్లు నొక్కాలి. అక్కడ చెయ్యి బిగుసుకుంటే మణికట్టు వదులు చేయండి, గట్టిగా నొక్కకండి.

3-2 గురించి అడిగినవాళ్ళకి ఒక్క మాట. అది వేరే వరస కాదు. ఇదే చక్రాన్ని 9వ గడి నుంచి మొదలుపెట్టండి. మొదటి శబ్దం 10లో వస్తుంది, 9లో కాలు ఒక్కటే పడుతుంది. ఆ నిశ్శబ్దం భరించలేక 9లో ఒక స్వరం ఇరికించేవాళ్ళున్నారు. వద్దు. ఈ 2-3, 3-2 అనే పిలుపు కూడా 1940ల్లో న్యూయార్క్ బృందాల్లో స్థిరపడిందే. నాకు వ్యక్తిగతంగా 2-3 ఇష్టం, అందుకే పాఠాలన్నీ దాంతోనే నడుపుతున్నాను. ఇందులో శాస్త్రమేమీ లేదు.

ఒకసారి పెళ్ళి ఆర్కెస్ట్రాలో, ఒక సినిమా పాట మధ్యలో సరదాకి ఈ వరస మొదలుపెట్టాను. నాలుగో ఆవృత్తంలో అడ్డం తిరిగాను. డ్రమ్స్ అబ్బాయి నా మొహం చూశాడు, నేను వాడి మొహం చూశాను, ఇద్దరం ఒకేసారి ఒకరి దారిలోకి ఇంకొకరం వచ్చేశాం. పాడే ఆవిడ పాట ఆపి మంచినీళ్ళు తాగింది. ఆ రాత్రి ఇంటికొచ్చి బల్ల మీద ఈ అతుకు సాధన మొదలుపెట్టాను.

అన్నట్టు, అభ్యాసం. మెట్రోనోమ్ నిమిషానికి 50 దగ్గర పెట్టండి. ఒక్కో టిక్కు ఒక్కో అడుగు, అంటే 1, 5, 9, 13. కాలు దాంతో తట్టాలి. ఎడమచేత్తో బల్లమీద క్లావే. కుడిచేత్తో మోంటూనో. కుడి ఎడమలు కలిసే గళ్ళు రెండే, 3, 12. ఇంకెక్కడ కలిసినా ఆపి అతుకు దగ్గరికి వెళ్ళండి. ఆపకుండా అయిదు నిమిషాలు నిలబడ్డాక, అదంతా చేస్తూనే అడుగులు మాత్రం పైకి లెక్కపెట్టండి: ఒకటి, రెండు, మూడు, నాలుగు. నోరు తెరవగానే కుడిచెయ్యి ఆగిపోతుంది. అందరికీ ఆగుతుంది. అది ఆగకుండా వచ్చిన రోజు మెట్రోనోమ్‌ని సగానికి తగ్గించండి, టిక్కు 1, 9లో మాత్రమే వినపడేలా. 5, 13 మీ కాలి బాధ్యత.

రికార్డు చేసి పంపేటప్పుడు ఫోను కాలి దగ్గర నేలమీద పెట్టండి. నాకు మీ పియానో కన్నా చెప్పు చప్పుడు బాగా వినపడాలి.