మొదటి షాట్‌కి ఫైటు వద్దు, బిందె చాలు

క్యారెక్టర్ యానిమేషన్ మొదలుపెట్టిన చాలామంది తొలి షాట్‌కే ఫైటో డాన్సో ఎత్తుకుంటారు. దాని బదులు పాత్ర చేత నిండు బిందె ఎత్తించి చంకన పెట్టించండి. బరువు చూపించడం వచ్చిందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

ముందు ఫోన్ గోడకి ఆనించి మీరే ఎత్తుతూ వీడియో తీసుకోండి. బిందెలో నిజంగా నీళ్లుండాలి, ఖాళీదాంతో నటిస్తే ఇట్టే తెలిసిపోతుంది. ఫోన్లు మామూలుగా సెకనుకి 30 ఫ్రేములు తీస్తాయి, దాన్ని 24కి మార్చుకుని ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూడండి. బిందె నేల వదలకముందే నడుము ఎటు జరిగింది? బరువు ఏ కాలి మీద పడింది? చంకకెక్కాక ఒళ్లు ఏ పక్కకి ఒరిగింది, ఖాళీ చెయ్యి ఎంత దూరం చాచుకుంది?

యానిమేషన్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ ఉచితమే, రిగ్గులూ (కదిలించడానికి వీలుగా ఎముకలు, కంట్రోళ్లు అమర్చిన పాత్రలు) ఉచితంగా దొరుకుతాయి. ముఖ్యమైన పోజులు మాత్రం పెట్టి, ఇంటర్‌పోలేషన్‌ని, అంటే పోజుల మధ్య కదలికని సాఫ్ట్‌వేర్ నింపే తీరుని, కాన్‌స్టంట్‌లో ఉంచండి (మాయా అనే సాఫ్ట్‌వేర్‌లో అయితే స్టెప్డ్). అప్పుడు పాత్ర ఒక పోజు నుంచి ఇంకో పోజుకి నేరుగా దూకుతుంది. నడుము కదలిక కుదిరేదాకా చేతుల జోలికి వెళ్లొద్దు. కర్వులకి, అంటే పోజుల మధ్య కదలికని నున్నగా కలపడానికి, తొందరపడితే పాత్ర నీళ్లలో తేలుతున్నట్టే ఉంటుంది.

షోరీల్ (మీ మంచి షాట్లు కలిపి పని కోసం చూపించే వీడియో) నిమిషం లోపు ఉంటే చాలు, అన్నిటికన్నా మంచి షాట్ ముందు రావాలి. లైటింగ్ లేని బూడిదరంగు ప్లేబ్లాస్ట్ (తుది మెరుగులు లేకుండా త్వరగా తీసే ప్రివ్యూ వీడియో) అయినా నామోషీ ఏం లేదు, చూసేది కదలికనే. నలుగురితో కలిసి చేసిన షాట్ అయితే అందులో మీ పనేదో స్క్రీన్ మీదే రాయండి.